ఈపొద్దు పాపను నేనే ఎత్తుకోని పోతుండా

నాయనా, ఇది అమ్మకు చదివి చెప్పు.

అమ్మా, డాక్టరమ్మ నన్ను మళ్లీ చూపించుకోమన్నది ఈపొద్దే, పాపను ఎత్తుకోని వేలూరు ఆస్పత్రికి పోతుండా. నువ్వు సంత నుంచి వచ్చేదాకా ఉంటే బస్సు పోతుంది. రసం పొయ్యి మీద ఉండాది, వేడి చేసుకోండి. పాప గుడ్డలు ఎండినాక ఎత్తిపెట్టు. నా వెనకాలే బయల్దేరి రావద్దు. వేలూరు చేరినాక ఎదురింటి ఎస్టీడీ బూతుకు ఫోన్ చేస్తా, పొద్దుగూకేలోపల తిరిగొస్తాం.

కాన్పయినాక బిడ్డ మొగం చూస్తేనే నాకు బయమేసేది. అప్పుడు నువ్వు లేకుంటే మా ఇద్దరి గతీ ఏమయ్యేదో. కానీ ఇప్పటికీ పాప కుయ్యిమంటే చాలు, నా చేతిలోంచి లాక్కుంటావు. డాక్టరమ్మ నీ ముందరే కదా చెప్పింది, "ఏడ్చినా తల్లి దగ్గరే ఉండనీండి. మొగం చూసి మాట్లాడి, బిడ్డ బదులిచ్చేదాకా ఆగాల" అని.

నిన్న నువ్వు నీళ్లకు పోయినప్పుడు అట్లే చేసినా. పాప ఏడుపు నిలిపి, నన్నే చూసి "ఊ" అనింది. నేను మళ్లీ పలకరిస్తే మళ్లీ అనింది. బస్సులో ఏడ్చినా నేను చూసుకుంటా.

సుగుణ

ఇంకొకటి. ఈ రాత్రి నుంచి పాప నా పక్కనే పండుకుంటుంది. నువ్వు కడుపునిండా తిని, నిమ్మళంగా నిద్రపోమ్మా.