టైరు అడుగు వేసిన బూట్లు

రవళీ,

కాలువ తొవ్వ మీద చెరుకు ట్రాక్టర్లు తిరుగుతున్నాయి, ఈ పొద్దు బడి గ్రౌండులోనే నడువు. పాత బూట్లు తొడుక్కో. పోటీ బూట్లు నేను నిజామాబాద్ తీసుకుపోతున్నాను. అడుగున వేసిన టైరును చిరగకుండా ఊడదీసేవాడు దొరుకుతాడేమో చూస్తాను. లేకుంటే ఎల్లుండి రాష్ట్ర నడక పోటీలో పాతవాటితోనే నడవాలి నువ్వు.

ఆ టైరు వేయించింది నిన్ను కన్న అవ్వ కాదు, నేను. అడుగు కాగితం లెక్క పల్చగా ఉంటే అరిగిపోయిందనుకుని బోధన్‌లో మోచీకి ఇచ్చాను. నడక పోటీ బూట్లు అట్లనే ఉండాలని నాకు తెలియదు.

మొన్న బోధన్ అంగడికి పోయి వాటిని తెచ్చింది ఆమె కాబట్టి, నిన్న ఆమె మీదికే పోయావు. "గిదేందవ్వా, ఇటుక లెక్క బరువైంది! నిన్నెవలు జెయ్యమన్నరు?" అన్నావు. నేను పక్కనే కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతున్నాను. ఆమె నా దిక్కు ఒకసారి చూసింది. "తెల్వక జేసిన బిడ్డా" అని నా తప్పు తన మీద వేసుకుంది. నేను తల కూడా ఎత్తలేదు.

నీ మొఖం చూసి చెప్పే ధైర్యం లేక రాసిపెట్టి పోతున్నాను.

బాపు

బస్సు వచ్చింది. నేను తిరిగొచ్చేలోపు అవ్వతో మాట్లాడు. నాతో ఎప్పుడు మాట్లాడతావో నీ ఇష్టం.