మూత లోపల వట్టి చెక్క

ఇదిగో కోడలా, చేపల తొట్టి లైటు వెయ్యకు. లైటు బిగించిన చెక్క మూత తీసేసి వసారాలో వెల్లకిలా పెట్టాను. లోపలివైపు ఇప్పుడే రంగేశాను. వాసన పోకముందే తొట్టి మీద పెట్టావో, చేపలు చచ్చూరుకుంటాయి. అందాకా దోమతెర కప్పు. రెండో పూతకి రంగు చాల్లేదు, మనవరాలూ నేనూ కొట్టుకెళ్తున్నాం.

మీ ఆయన "లోపల కూడా వేశాను నాన్నా" అని నా చేతిలో చెయ్యేసి మరీ చెప్పాడు. తీసి తడిమితే వట్టి చెక్క, ఆవిరికి ఉబ్బి పగుళ్లిచ్చింది. పైన మాత్రం అద్దంలా నున్నగా ఉంది. నాకు చూపానదని కదా ఆ ధైర్యం! చేతకాలేదంటే నేనే వేసేవాణ్ణి. కన్నతండ్రికే టోపీ పెట్టాలా? రాయవే మనవరాలా, వాడు మీ నాన్నయితే ఏంటి, అది కూడా రాయి.

వాడొచ్చాక ఇదంతా చదివి వినిపించు. అన్నం తిన్నాకే చదువు, ముందే వింటే కంచం ముందు నుంచి లేచిపోతాడు.