పెడల్ మీద కాలు

తాండూరు, మంగళవారం

ప్రియమైన జ్యోతిరాణికి,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం. రోజూ రైల్లో వికారాబాద్ వచ్చే బాల్‌రాజ్ చేతికిస్తున్నాను. ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కువైందా, నా మీద కోపమా? ఏదైనా సరే, శనివారం ఇంటికి రా. మన పాత ఫియట్‌కు మూడు చక్రాల బ్రేకులు కుదిరాయి. నాలుగోదాని బ్రేకు గొట్టంలో ఇంకా గాలి ఉంది. ఆ గాలి పోయేలా నేను కింద పడుకుని నట్టు విప్పుతుంటే, నువ్వు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి. ఇంకెవరు తొక్కినా నాకు కుదరదు. మొన్న ఆదివారం జాకీ జారిందని భయపడకు, ఏం కాలేదు కదా. ఇక్కడికి నీ బదిలీ సంగతి ఎంతవరకొచ్చింది?

నీ యోహాను

వికారాబాద్, గురువారం

ప్రియమైన యోహానుకు,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను. ఏం కాలేదా? కారు ఒక్కసారిగా కుంగింది. "యోహానూ, ఏమైంది?" అని అరిచాను. జవాబు లేదు. మళ్ళీ అరిచాను. లేదు. "నేను చెప్పేదాంక కాలు తియ్యకు" అన్నావు కదా, ఆ ఒక్క మాటే నా చెవుల్లో ఉంది. తొక్కిన కాలు తొక్కినట్టే ఉంచి కూర్చున్నాను. వార్డులో ఎవరు పడిపోయినా ముందు ఉరికే నర్సును నేను. నా మొగుడు కారు కింద ఉంటే కదల్లేదు.

నువ్వు పాకుతూ బయటికొచ్చి "చాయ్ పెట్టు" అన్నావు. మీ అక్క బుగ్గమ్మ అందరి ముందర, "దిగి సూడకుంట గట్లనే కూసున్నవా? నువ్వేం పెండ్లానివి?" అంది. నువ్వు అక్కడే చేతులు కడుక్కుంటున్నావు. ఒక్క మాట అనలేదు. అంటే నీ మనసులోనూ అదే ఉంది.

తాండూరుకు బదిలీ వద్దని రాసిచ్చాను. కారు ఎవరికైనా ఇచ్చెయ్.

జ్యోతిరాణి

తాండూరు, శుక్రవారం

ప్రియమైన రాణీ,

అప్పుడు నేను చేతులు కడుక్కోవడం లేదు, వణుకు ఆపుకుంటున్నాను. నోరు తెరిస్తే ఏడుపొచ్చేది.

నేల మెత్తగా ఉందని జాకీ కింద నాపరాయి బండ వేశాను. పాలిష్ పట్టిన వైపు పైకి పెట్టాను. రోజూ రాళ్ల పాలిష్ మిషన్ దగ్గర నిలబడే నేను! జాకీ జారింది. విప్పిన చక్రాన్ని ముందే కారు కిందికి అడ్డంగా తోసి ఉంచాను కాబట్టి కారు దాని అంచు మీద ఆగింది, నా ఛాతీకి బెత్తెడు పైన. నీ పిలుపు రెండుసార్లూ విన్నాను. పలికితే తలుపు తీసి దూకుతావని పలకలేదు. నువ్వు దిగితే కారు ఊగి చక్రం మీంచి జారేది. ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెం జరిగి బయటపడ్డాను. నువ్వు కదలకుండా కూర్చున్నందుకే బతికాను, రాణీ.

ఎంత ప్రమాదం తప్పిందో తెలిస్తే తట్టుకోలేవని దాచాను. పొద్దున అక్కను కారు దగ్గరికి పిలిచి అంతా చూపించాను. "అయ్యో, పిల్లను ఎంత మాటంటి" అని కూలబడింది. కారు ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తాను. నువ్వు రా.

నీ యోహాను

వికారాబాద్, శనివారం

ప్రియమైన మొండివాడా,

నీ ఉత్తరం వార్డులోనే చదివాను. ఖాళీ మంచం మీద కూర్చుని మళ్ళీ చదివాను. కోపం తగ్గలేదు, పెరిగింది. ఇన్ని రోజులూ నన్ను నేనే తిట్టుకునేలా చేశావు.

బదిలీ వద్దన్న కాగితం వెనక్కి తీసుకున్నాను. సాయంత్రం రైలుకు వస్తున్నాను. కారు మాట ఎత్తకు. ముందు నీ ఛాతీ మీద చెవి పెట్టి గుండె కొట్టుకోవడం వినాలి. అది తనివితీరా విన్నాకే తిట్టడం మొదలుపెడతాను.

నీ రాణి