దొంగల పెట్టెలో నూట అరవై మూడు ఆర్డర్లు

కడియం,
ఆగస్టు 11.

చిరంజీవి సౌభాగ్యవతి ప్రసన్నకు లోకనాథ్ రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నేను బాగున్నాం. మీ కొండ మీద వానలు తగ్గాయని, నీ హాస్టలు పిల్లలకు జ్వరాలు తగ్గాయని తలుస్తున్నాను. అక్కడ సిగ్నల్ లేకపోవడం నాకు మేలే అయింది. ఫోన్లో ఇదంతా చెప్పగలిగేవాణ్ణి కాదు.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. అమ్మ మోకాలు నయం. బీరపాదు కాసింది; పక్కింటివాళ్లకి రెండు కాయలిచ్చి వచ్చాను. బుజ్జమ్మ ఎలా ఉందన్నది కాస్త ఆగి రాస్తాను.

జులైలో, మొక్కలు లారీలకెక్కే రోజుల్లో, నర్సరీకి తొమ్మిది రోజులు ఒక్క ఆర్డరూ రాలేదు. నేను రోజూ రాసుకునే పుస్తకంలో వరుసగా తొమ్మిది సున్నాలున్నాయి. ఫోన్ చేసినవాళ్లతో మా ఓనరు పల్లంరాజుగారు వెబ్‌సైట్లో ఫారం నింపమనేవారు. నింపామండీ అంటే మళ్లీ నింపమనేవారు. చివరికి రావులపాలెం నుంచి వాస్తు చూసే పెద్దాయన వచ్చి, కుండీల మధ్య రెండుసార్లు తిరిగి, దోషం పడమటి గేటుదని తేల్చారు. దానికి గోడ కట్టించి, ఉత్తరాన కొత్త గేటు తెరిచారు. ఆ పూటే నూట అరవై మూడు ఆర్డర్లు వచ్చిపడ్డాయి. రాజుగారు పెద్దాయనకి శాలువా కప్పి, పనస మొక్క చేతికిచ్చారు. నేను కూడా చప్పట్లు కొట్టాను.

బుజ్జమ్మ టీ బడ్డీ ఆ పడమటి గేటు పక్కనే కదా. ఇప్పుడు లారీలు అటు రావు, కూలీలు అటు వెళ్లరు. శుక్రవారం గోడ మీంచి చూస్తే మిగిలిన టీ కాలువలో పారబోస్తోంది.

"ఏం బాబూ, టీక్కూడా వాస్తు ఉంటదా?" అంది నన్ను చూసి.

ప్రసన్నా, తప్పు గేటుది కాదు, నాది. డబ్బు కట్టామని దొంగ రసీదులు పంపేవాళ్లని పట్టడానికి, వీడియోలు చూసి నేర్చుకుని నేను రూల్స్ రాశానని నీకు తెలుసు. అనుమానమొచ్చిన మెసేజ్ దొంగల పెట్టెలోకి పోతుంది. రూలులో 'ఈ మాట గానీ, ఆ మాట గానీ' అన్నట్టు ఒక ప్యాటర్న్ రాయాలి. ఆఖరి 'గానీ' దగ్గర ఉండగా బుజ్జమ్మ టీకి పిలిచింది. తాగి వచ్చి, మిగతాది రాయకుండానే సేవ్ చేశాను. 'గానీ' తర్వాత ఏమీ లేదు కాబట్టి, ఏమీ లేకపోయినా పట్టుకోమన్నానని కంప్యూటర్ అనుకుంది. ప్రతి ఆర్డరునీ పట్టుకుంది. గేటు తెరిచే రోజు పొద్దున్న పుస్తకం తిరగేస్తుంటే, మొదటి సున్నాకి ముందురోజు 'కొత్త రూలు పెట్టాను' అని నా రాతే కనబడింది. సరిచేశాను. అటు కొబ్బరికాయ కొట్టేసరికి ఇటు ఆర్డర్లు బయటపడ్డాయి. పన్నెండు రోజులు నోరు మెదపలేదు.

శనివారం వెళ్లి రాజుగారికి చెప్పేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"గేటు తెరిచిన రోజే కదయ్యా నీకా తప్పు కనబడింది?" అన్నారు.

అవునండి అన్నాను.

"మరి అంతకుముందు తొమ్మిది రోజులు ఎందుకు కనబడలేదు?"

వాస్తు మీద ఆయన గురి రెట్టింపయింది.

అయినా రెండు పనులకి ఒప్పుకున్నారు. ఒకటి, ఏ రూలు సేవ్ చేయబోయినా ముందు దానంతటదే చదివి, ప్యాటర్న్ సగంలో ఆగి ఉంటే వెనక్కి కొట్టే తనిఖీ ప్రోగ్రాం. లింట్ అంటారు. రూలుకి ఒక ఖాళీ మెసేజ్ కూడా చూపిస్తుంది. రూలు దాన్నీ దొంగే అని పట్టుకుంటే, ఇక ఆ రూలు చెల్లదు. పెట్టగానే నా పాత రూల్స్‌లో ఇంకో మూడింటిని ఆపింది. మూడూ టీ వేళకి రాసినవే. రెండోది, బుజ్జమ్మ బడ్డీ ఉత్తరపు గేటుకి రావడం. నిన్న పొయ్యి, బల్లలు నేనే మోశాను. దారిలో జరిగిందంతా ఆమెకీ చెప్పాను.

ఇవాళ పదకొండింటికి వెళ్తే, అందించబోయిన గ్లాసు మధ్యలో ఆపింది.

"రాత్తన్నది అయిపోయిందా బాబూ?"

ఇంకొంచెం ఉంది అన్నాను. గ్లాసు పక్కాయనకిచ్చేసింది. వెనక్కి వచ్చి ఇది రాస్తున్నాను.

దసరా సెలవులకి నువ్వు బస్సెక్కొద్దు. నేనే వచ్చి తీసుకొస్తాను. నువ్వు లేక ఇంట్లో తోచడం లేదు. ఇంకొంచెం ఉందన్నది ఇదే. ఇప్పుడు వెళ్తే టీ ఇస్తుంది.

ఇట్లు,
నీ భర్త
లోకనాథ్