తొమ్మిదో ప్రశ్న

2010 ఫిబ్రవరి 3

ఎమ్మే సైకాలజీ ప్రాక్టికల్. డిప్రెషన్ స్కేల్ ఇచ్చాను. ముప్పై రెండు షీట్లు. మార్కులు వేయాలి కాబట్టి పేర్లు రాయించాను. ఎవరికీ చూపించనని మాట కూడా ఇచ్చాను.

తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అందరూ సున్నాకి టిక్ పెట్టారు. మహిపాల్ మాత్రం మూడుకి. మూడంటే ఎప్పుడూ అని.

ఫిబ్రవరి 4

మన పిల్లలు సీనియర్ల రికార్డు చూసి డేటా ఎక్కించేస్తారు. వీడూ అంతేనేమోనని ఆశపడి కారిడార్‌లో అడిగాను. అందరు కాపీ కొట్టిన్రు మేడం, నేనొక్కణ్ణే నిజం రాసిన అన్నాడు. నవ్వాడు కూడా.

రోజూ సాయంత్రం మా ఇంటికి రమ్మన్నాను. ఆంధ్రోళ్ల ఇంటికొస్తే మావోళ్లు ఏమంటరు మేడం అన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో పద్దెనిమిదేళ్లున్నా మాది తెనాలే.

ఫిబ్రవరి 6, సాయంత్రం 6

బంద్. మహిపాల్ రూమ్ ఎల్బీనగర్‌లో. పొద్దుటి నుంచీ ఫోన్ ఎత్తడు. నడిచి వెళ్తానంటే మావారు గేటుకి తాళం వేశారు. నోరు తెరిస్తే ఎక్కడిదానివో తెలిసిపోతుందన్నారు.

ఇప్పుడు ఎత్తాడు. అన్నం తిన్నావా అన్నాను. తిన్న అన్నాడు. ఇంత చదివి నేను అడగగలిగింది అదీ.

ఫిబ్రవరి 8

హెడ్ చక్రపాణి గారు పిలిచారు. తెలంగాణ ఉద్యమంలో ప్రాణం తీసుకునేలా ఉన్న పిల్లల లిస్టు పోలీసులకి కావాలట. ముందు జాగ్రత్తట. పోయిన నెల ఇలాగే ఒక సీనియర్‌ని తీసుకెళ్లి స్టేషన్‌లో కూర్చోబెట్టారు. వాడు మళ్లీ క్లాసుకి రాలేదు. ఎల్లుండికి షీట్లు తన టేబుల్ మీద ఉండాలన్నారు. జూన్‌లో నా కాంట్రాక్ట్ రెన్యువల్ సంగతీ గుర్తు చేశారు, చాలా మర్యాదగా.

ఇస్తే, ఆంధ్రా మేడం పట్టిచ్చిందంటారు. ఆ మాట పడతాను. ఇవ్వకపోతే, మహిపాల్‌కేమైనా అయితే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. భయంగా ఉంది.

ఫిబ్రవరి 9

వాడి షీట్ బదులు కొత్తది నింపుదామని కూర్చున్నాను. సున్నా దగ్గర పెన్ను ఆగిపోయింది.

క్లాస్ లీడర్ యాదలక్ష్మిని పిలిచి పోలీసుల సంగతి చెప్పాను. ఎవరి షీటో చెప్పలేదు. మహిపాల్‌దే గద మేడం, మాకు ఎర్కే, వాణ్ణి ఒక్కణ్ణి ఉండనిస్తలేం అంది. నాకెందుకు చెప్పలేదంటే, మీరు షీట్లడిగిన్రు, మమ్మల్ని అడగలే అంది.

తప్పులున్నయి, దిద్దుకుంటం, జర షీట్లియ్యండి అంది. ఇచ్చేశాను.

ఫిబ్రవరి 10

ముప్పై రెండూ తిరిగొచ్చాయి. తొమ్మిదో ప్రశ్నకి అందరూ మూడుకే టిక్ పెట్టారు.

చక్రపాణి గారు షీట్లన్నీ తిరగేసి, వీళ్లలో ఎవరమ్మా అన్నారు. అందరూనండి అన్నాను. పోలీసులకి ఏం చెప్పాలో తెలియక బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. కాంట్రాక్ట్ మీద ఇక ఆశ లేదు. అయినా చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

ఫిబ్రవరి 11

బస్టాప్‌లో యాదలక్ష్మి కనిపించింది. మహిపాల్ కోసం అందరూ భలే అబద్ధం ఆడారే అని మెచ్చుకున్నాను.

అందరం ఆడలే మేడం, నాది నిజమే అంది.

తను ఎక్కాల్సిన హయత్‌నగర్ బస్సు వచ్చింది. నేను ఎక్కనివ్వలేదు.