నల్లపట్టీ కిందికి రాని పేరు

కెంటకీ,
26 మే 1996

చిరంజీవి లెనోరాకు నాన్న దీవెనలు.

నేడు సమాధుల ఆదివారం. పోయినవారి మీద మొలిచిన గడ్డిని చెక్కి, పూలుంచి, వారి పక్కనే కూర్చుని భోజనం చేసే రోజు. మృతులకు మనం జవాబుదారులమని ఏడాదికొకసారి ఒప్పుకోవడమే ఈ దినానికి అర్థం. నా జవాబు ఇరవై రెండేళ్ళు ఆలస్యమైంది. దానిని నీకు రాస్తున్నాను.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మోకాలి నొప్పితో మీ అమ్మ సమాధులున్న కొండ ఎక్కలేదు గాని, అందరికీ చిక్కుడుగింజలు వండి పంపింది.

నీ పరిశోధన దరఖాస్తు చదివాను. కోడిమాంసపు కర్మాగారంలో మేస్త్రీ ఒక కూలీ ముఖాన్ని ఇనుపబల్లకేసి కొట్టిన పుటను రెండుసార్లు చదివాను. రచన బిగువుగా ఉంది. ఒక్క మాట కూడా ఎక్కువ లేదు. యువ పరిశోధకుల వేసవి శిక్షణకు వెళ్ళాలా అని అడిగావు. తప్పక వెళ్ళు. అక్కడ నా కథను పాఠంగా చెబుతారట, నిజమేనా అనీ అడిగావు. చెబుతారు. దాని సంగతి చివర రాస్తాను.

"దెబ్బలు తిన్న డెల్ఫీనాయే సంతకం చేస్తానంటోంది నాన్నా. స్థానికుల మద్దతు లేఖ ఉంటే నిధులు తప్పక వస్తాయట. నువ్వూ అలాగే చేశావుగా?" అని రాశావు.

అవును తల్లీ, అలాగే చేశాను.

1974లో బొగ్గుగని సమ్మె జరుగుతున్నప్పుడు ఎల్బర్ట్ సైజ్‌మోర్ అనే కార్మికుడి ఇంట్లో ఉండి పరిశోధన చేసేవాణ్ణి. కంపెనీ కాపలాదారులు సమ్మెకారుల ఎముకలు ఎలా విరుస్తున్నారో నాకు చెప్పినవాడు అతడే. నిధులిచ్చే సంస్థ మద్దతు లేఖ అడిగింది. అతని భార్య ఆర్లీన్ ఒప్పుకోలేదు.

"పేరెందుకయ్యా? ఎవరో ఒక గనివాడు అని రాసుకోరాదూ?"

"చదివేవాళ్ళు పెద్ద చదువుల వాళ్ళమ్మా. పేరు లేకపోతే చెత్తబుట్టలో వేస్తారు" అన్నాను.

ఎల్బర్ట్ నవ్వాడు. "ఉండనీవే. నాకు సంతకం వచ్చని మీ అన్నదమ్ములు ఇప్పుడన్నా నమ్ముతారు."

పక్షపాతం కలగకుండా, దరఖాస్తు ఎవరిదో పరీక్షకులకు తెలియకూడదన్నది ఆ సంస్థ నియమం. అందుకని ప్రతి పుటలోనూ నా పేరు మీద నల్లపట్టీ వేశారు. ఎల్బర్ట్ పేరు కప్పాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. పరీక్షకులలో ఒకడు గని యజమానికి స్నేహితుడు.

మార్చి నెలలో ఒక ఉదయం మేము ఫలహారం చేస్తుండగా ముగ్గురు తలుపు పగలగొట్టుకుని వచ్చారు. ఎల్బర్ట్ మాటలు రికార్డు చేసే టేపు మార్చడానికి నేను అప్పుడే పక్కగదిలోకి వెళ్ళాను. తలుపు సందులోంచి అంతా కనిపించింది. కాపలాదారుల నాయకుడు డెల్మర్ నేపియర్ చేతిలో ఆ లేఖ నకలు ఉంది. పైన నల్లపట్టీ, కింద సంతకం.

"ఈ రాత నీదేనట్రా? తిను" అని కాగితాన్ని ఎల్బర్ట్ నోట్లో కుక్కాడు. సంతకం చేసిన చేతిని బల్లమీద పరచి, తుపాకి మడమతో ఒక్కొక్క వేలే చితకగొట్టాడు. ఆర్లీన్ వేడి పెనం ఎత్తి వాడి చెవి మీద కొట్టింది. వాళ్ళు ఆమెను జుట్టు పట్టి పొయ్యిమీదికి తోశారు. తరువాత డెల్మర్ ఎల్బర్ట్ ఛాతీలో రెండుసార్లు కాల్చాడు. అతని నోట్లో ఆ కాగితం ఇంకా ఉంది.

నేను కదలలేదు.

న్యాయస్థానంలో ఆర్లీన్ వాణ్ణి వేలెత్తి చూపింది. నన్ను అడిగినప్పుడు, "పరిశోధనలో చూసినది బయటపెట్టడం మా వృత్తిధర్మం కాదు" అన్నాను. సాక్ష్యం చెప్పనందుకు నన్ను పదకొండు రోజులు చెరలో ఉంచారు. ఆర్లీన్ అబద్ధమాడిందని తేల్చి డెల్మర్‌ను వదిలేశారు. నాకు నిధులు వచ్చాయి, పట్టా వచ్చింది, ఆచార్య పదవి వచ్చింది. వృత్తిధర్మం కోసం జైలుకెళ్ళిన వీరుడని శిక్షణ శిబిరాలలో నన్ను పాఠంగా చెప్పసాగారు. అది ధర్మం కాదు లెనోరా. భయం. డెల్మర్ నన్నూ చంపుతాడని భయం. నా భయానికి శాస్త్రపు వస్త్రం కప్పాను.

ఇవాళ ఎల్బర్ట్ సమాధి దగ్గర ఈ మాటే ఆర్లీన్‌కు చెప్పాను. ఆమె చేతిలోని పార తిప్పి, కర్రతో నా నోటిమీద కొట్టింది. పన్ను ఊడింది.

"ఇది ఎల్బర్ట్ కోసం కాదు" అంది. "ఊరంతా నన్ను అబద్ధాలకోరు అంటుంటే నువ్వు కోర్టు బెంచీమీద కూర్చుని విన్నావే, దానికి."

నెత్తురు తుడుచుకుంటూ నీ దరఖాస్తు సంగతి కూడా చెప్పాను.

"ఇంకా ఇక్కడ నిలబడ్డావేం? పో, ఆ పిల్లకి రాయి. ఆ కూలీ పేరు పెడితే నీ కూతురని కూడా చూడను, ఈ పారే దానికీ."

కనుక ఆ లేఖ తీసెయ్యి. నిధులు రాకపోతే రాకపోనీ. డెల్ఫీనా సంతకం ఉన్న ప్రతి కాగితాన్నీ కాల్చు. నకళ్ళు ఎవరి దగ్గరున్నాయో అడిగి, అవీ తెప్పించి కాల్చు. శిక్షణకు వెళ్ళినప్పుడు, నా పాఠం మొదలుపెట్టగానే లేచి ఈ ఉత్తరం అందరి ముందూ చదువు. నా పేరు దాచకు. రేపు సెలవు కాబట్టి ఎల్లుండి ఉదయం నేను ఆర్లీన్‌తో కలిసి న్యాయస్థానానికి వెళ్ళి, ఆమె చూపిన మనిషే హంతకుడని ప్రమాణం చేసి చెబుతాను.

నీవూ, నీ తరువాత ఈ విద్యకు వచ్చే పిల్లలూ, ఇతరుల గాయాలను రాసేటప్పుడు వారికి కొత్త గాయం చేయకుందురు గాక. మీకు తలుపు తెరిచిన ప్రతి ఇల్లూ, మీరు వెళ్ళిపోయాక కూడా చల్లగా ఉండును గాక.

ఇట్లు,
నీ మంచిని కోరే తండ్రి
ఆంబ్రోస్