రాక్ మీద ఆయన

నవంబర్ 10, కసుమి

సముద్రం ఎడమ పక్కన వస్తుందని ఆయన పెళ్ళైన నాటి నుంచీ చెబుతూ వచ్చారు. తప్పు. కుడి పక్కన వచ్చింది. ఆయన మాట నమ్మి ఎడమ కిటికీ పట్టుకు కూర్చున్నందుకు కొండ గోడలు, సొరంగాల చీకటి, ఎవరిదో ముల్లంగి తోట చూశాను. అవతలి సీటులో కాలేజీ పిల్ల ఒకతె సముద్రం వైపు వీపు పెట్టి నిద్రపోయింది.

ఆయన జవాబు చెప్పే స్థితిలో లేరు. నా పక్క సీటులోనే ఉన్నారు, స్వీట్ల డబ్బాలో.

మా ఆయన సెయిజిరో పోయి పద్నాలుగుకి నలభై తొమ్మిదో రోజు. ఆ రోజు నమిసాకిలో, వాళ్ళ వంశపు సమాధిలో పెట్టాలి. మా క్యోటోలో అస్థులన్నీ ఏరం, కొన్నే తీసుకుంటాం. అందుకని కుండ చిన్నది. తెల్ల పట్టుగుడ్డ కప్పి ఒళ్ళో పెట్టుకుంటే ఎక్కినవాళ్ళందరూ తల వంచి నమస్కరిస్తారు, ఆ పైన మెల్లిగా ఇంకో పెట్టెలోకి జారుకుంటారు. నలుగురికీ ఇబ్బంది దేనికని ఇంట్లో ఉన్న మంచి షాపు డబ్బాలో సర్ది గళ్ళగుడ్డతో మూట కట్టాను. సరిగ్గా సరిపోయారు. బతికుండగా ఇంత తేలిగ్గా ఎక్కడా సర్దుకోలేదు.

బుల్లెట్ రైలు, ఆ తర్వాత కారు, పూటలో పని అయిపోతుంది కదమ్మా అన్నాడు మా అబ్బాయి తకానొరి. మీ నాన్న ప్యాసింజర్ రైలు మనిషి, ఆయనకిప్పుడు తొందర కూడా లేదు అన్నాను. నువ్వూ నీ పెళ్ళామూ పద్నాలుగుకి వస్తే చాలు.

హిసానో వదిన ఫోన్ చేసింది. ఆయన అక్క. ఎనభై ఆరు. ఏం యసుయే, మా తమ్ముణ్ణి పార్సిల్ లాగా ఊళ్ళన్నీ తిప్పుతున్నావట, జాగ్రత్త తల్లీ, నీ చేతిలో గొడుగులే నిలవవు అంది. ఆడపడుచు అర్ధమొగుడంటారు. పూర్తి మొగుడు పోయాక ఆ అర్ధమే మిగిలింది నాకు.

రాత్రి సత్రం భోజనంలో పీత. కాళ్ళు విరిచి పెట్టేవాళ్ళు లేక సగం వదిలేశాను. పరుపు వెయ్యడానికి వచ్చిన అమ్మాయి మూట చూసి, అమ్మగారూ, చల్లటి చోట పెట్టమంటారా అంది. అక్కర్లేదమ్మా, పాడయ్యే వస్తువు కాదు అన్నాను.


నవంబర్ 11, మధ్యాహ్నం, రైల్లో

అమరుబే వంతెన మీద అర్థమైంది. ఆయన పద్దెనిమిదో ఏట ఇల్లు వదిలి ఇటు వైపు వచ్చారు. అటు నుంచి వచ్చేవాడికి సముద్రం ఎడమ పక్కనే. ఇన్నాళ్ళూ ఆయన చెప్పింది తను వచ్చిన దారి. నేను విన్నది నేను వెళ్ళే దారి.

క్షమాపణగా డబ్బా మూత మీద వేలితో తట్టాను. ఎదుటి సీటు మనిషి చూసి, పాపం ముసలావిడకి ఆకలేస్తోంది అనుకుని ఉంటాడు.


నవంబర్ 11, సాయంత్రం, తొత్తోరి

సెయిజిరోని రైల్లో వదిలేశాను.


నవంబర్ 12, తెల్లవారుజాము

నిన్న రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తాను, ఒక వరసలో. వాక్యం సరిగ్గా ఉంటే మనిషి కూడా కాస్త సరిగ్గా ఉంటాడని పిల్లలకి చెప్పేదాన్ని.

హమసాకాలో రైలు మారాను. ఒంటిపెట్టె బండి, జనం బాగానే ఉన్నారు. మంచి కోటు తొడుక్కున్న ఒకాయన పక్క సీటు మీద సంచీ పెట్టుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. అతని ముందే ఒక పెద్దావిడ కమ్మీ పట్టుకు నిలబడి ఉంది. పెద్దావిడ అంటే నా కన్నా చిన్నదే. ఆవిడ ఏమీ అనడం లేదు. నాకెందుకు? కానీ హైస్కూల్లో ప్రాచీన సాహిత్యం చెప్పిన నోరు, రిటైరై ఎన్నాళ్ళయినా బెల్లు కొట్టినట్టే మోగుతుంది. బాబూ, సంచీకి కూడా టికెట్ తీసుకున్నారా అన్నాను. నవ్వుతూ అన్నాను. నవ్వుతూ అనడం ఇంకా ఘోరం, ఎదుటివాడికి కోపం తెచ్చుకునే హక్కు కూడా పోతుంది. అతను చటుక్కున లేచి, తప్పయిందండీ అని సంచీ రాక్ మీద పెట్టాడు. ఆవిడ కూర్చుంది. పెట్టెలో అందరూ కిటికీలు చూశారు.

అప్పుడు అతని చూపు నా పక్క సీటు మీద పడింది. అక్కడ మా ఆయన ఉన్నారు, గళ్ళగుడ్డలో, టికెట్ లేకుండా.

అతను ఏమీ అనలేదు. మా దేశంలో అనరు. చూపు కూడా వెంటనే తిప్పేసుకున్నాడు, నన్ను అవమానించకుండా. అది చాలు. లేచి మూటని రాక్ మీద పెట్టాను, నియమం అందరికీ ఒకటే అన్న ముఖం పెట్టుకుని. ఆ ముఖంతోనే తొత్తోరిలో దిగాను. మెట్లు దిగి, గేటు దాటి, ఈ రోజు ఒళ్ళు ఇంత తేలిగ్గా ఉందేమిటా అనుకున్నాను.

తిరిగి పరిగెత్తేసరికి రైలు వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇంతవరకూ మతిమరుపు. మతిమరుపుకి సిగ్గుపడను, వయసుకి అది హక్కు. సిగ్గు ఇక్కణ్ణుంచి.

పోయిన వస్తువుల కౌంటర్ దగ్గర చిన్న పిల్ల ఉంది, గొంతు మెత్తన. రైలు ఏదో చెప్పాను, గుడ్డ రంగు చెప్పాను, డబ్బా ఏ షాపుదో చెప్పాను. లోపల ఏముందండీ అంది. నోరు తెరిచి, ఎందుకో వెనక్కి తిరిగాను. కోటు మనిషి నా వెనకే నిలబడి ఉన్నాడు, ఏదో కనుక్కోవడానికి. అతని ముందు ఎలా చెప్పను? బాబూ, మీ సంచీని రాక్ ఎక్కించిన దాన్ని నేనే, ఆ రాక్ మీదే మొగుణ్ణి మర్చిపోయిన దాన్నీ నేనే అని? పైగా పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఆ మాట ఈ తీరం వెంబడి నా కన్నా ముందు నమిసాకి చేరుతుంది. హిసానో వదిన ముఖం కనిపించింది.

స్వీట్లమ్మా అన్నాను.

తాజావా, నిలవ ఉండేవా అంది. ఆ షాపులో తాజావి తప్ప చెయ్యరు, ఆ పేరు నేనే చెప్పి చచ్చాను. తాజావే అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. తినే వస్తువులైతే దొరికినా ఆ పూట దాటి ఉంచమండీ, పారేస్తాం, చాలా క్షమించాలి, ఫర్వాలేదా అంది.

ఫర్వాలేదమ్మా, మీకు శ్రమ ఇచ్చాను అన్నాను. తల కూడా వంచాను.

ఇదీ నేను. మొగుణ్ణి చెత్తలో పారెయ్యడానికి ఒప్పుకుని, ఒప్పుకున్నందుకు మర్యాదగా నమస్కారం పెట్టాను. చిన్నప్పట్నుంచీ ఎవరు ఏమడిగినా ఫర్వాలేదు అనడం నేర్పారు. ఆ మాటకి ఇంత బలం ఉందని నేర్పలేదు.

కోటు మనిషి నా వెంట వచ్చాడు. అయ్యో, మంచి షాపువి పోయాయే అన్నాడు. ఎవరింటికో వెళ్తున్నట్టున్నారు, ఉత్త చేతులతో ఎలా వెళ్తారు, ఆగండి అని కొట్లోకి వెళ్ళి పియర్ పండ్ల స్వీట్ల పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. నిజంగానే జాలి. దెప్పడం అయితే బతికిపోయేదాన్ని. తీసుకున్నాను. వద్దనాలంటే ఇంకో అబద్ధం కావాలి, నా దగ్గర అయిపోయాయి.

అతను వెళ్ళాక కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. షట్టర్ దించేశారు. ఫోన్ చేస్తే రికార్డు గొంతు, పొద్దున్న చెయ్యమంది, అదీ చాలా మర్యాదగా.


నవంబర్ 12, ఇంకా తెల్లవారలేదు

తొత్తోరి ఇసుక దిబ్బల ఊరు, ఇసుకకి కొదవ లేదు. కుండలు కూడా ఎక్కడైనా దొరుకుతాయి. గుప్పెడు ఇసుక పోసి తెల్లగుడ్డ కప్పితే హిసానో వదిన మూత తీసి చూడదు.

ఈ ఆలోచన వచ్చింది. కాసేపు కూర్చుంది కూడా.


నవంబర్ 12, మధ్యాహ్నం

స్టేషన్ హాల్లోంచే ఫోన్ చేశాను, హమసాకాకి, ఆ బండి వెనక్కి వెళ్ళి ఆగిన చోటికి. హాలు నిండా స్కూలు పిల్లలు. పక్కకి వెళ్ళి మాట్లాడవచ్చు. వెళ్ళలేదు. గుసగుసగా చెబితే మళ్ళీ స్వీట్లే అంటానని నాకు తెలుసు.

అవతల మగ గొంతు, వయసైన గొంతు. నిన్న తొత్తోరిలో స్వీట్లని రాయించింది నేనే, అవి స్వీట్లు కావు, మా వారు అన్నాను.

మీ వారు మా దగ్గర దిగలేదా అండీ అన్నాడు.

దిగలేదు నాయనా, ఆయన డబ్బాలో ఉన్నారు, అస్థులు అన్నాను.

పిల్లలందరూ ఫోన్లు దించి నన్ను చూశారు. ఒకతె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అవతల రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు, ఆ తర్వాత పరుగు. కాకులు అరుస్తున్నాయి. చెత్త దగ్గర కాకులు ఉంటాయి. ఆ కాకుల్ని వింటూ నిలబడ్డంత సేపు, దొరక్కపోతే వదినకి ఏం చెప్పాలో ఒక్క మాట తోచలేదు.

ఉన్నారండీ అన్నాడు, ఆయాసపడుతూ. చెత్త బండి ఇంకా రాలేదు. లోపలికి తీసుకొచ్చేశాను.

హమసాకా వెళ్ళాను. ఆఫీసులో ఒక బల్ల ఖాళీ చేసి దాని మీద పెట్టారు. ముందర టీ కప్పు, ఇంకా పొగ వస్తోంది. చలిగా ఉంది కదండీ అన్నాడు ఫోన్‌లో మాట్లాడిన మనిషి, అంతే. ఎలా మర్చిపోయారని అడగలేదు. కాగితంలో స్వీట్లు అన్నది కొట్టేసి, ఇక్కడ ఏం రాయమంటారండీ అన్నాడు. భర్త అన్నాను. రాశాడు.

గుడ్డ మడతలో ఎవరో తిని పారేసిన అన్నం మెతుకులు అంటుకున్నాయి, చేప వాసనతో. నా రుమాలుతో తుడిచాను. ఆఫీసులో వాళ్ళందరూ ఆ సమయానికి ఏదో ఒక పనిలో పడి అటు తిరిగారు. మా దేశంలో అంతే.


నవంబర్ 13

ఒళ్ళోనే. తెల్లగుడ్డ కప్పాను, ఎవరు జారుకుంటే జారుకోనీ. సముద్రం రోజంతా కుడి పక్కన. టాయిలెట్‌కి కూడా తీసుకెళ్ళాను. ఆయన ఏమనుకున్నా సరే.


నవంబర్ 14, నమిసాకి

అంతా సవ్యంగా జరిగింది. రాయి జరిపారు, కుండ దించారు, రాయి మూశారు. తకానొరి ఏడ్చాడు. కోడలు అతని కన్నా అందంగా ఏడ్చింది.

అంతకు ముందు, ప్లాట్‌ఫాం మీదే మొదలైంది. హిసానో వదిన కర్ర పట్టుకుని చలిలో నిలబడి ఉంది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. వచ్చి కుండ మీద చెయ్యి వేసింది, తర్వాత నా చెయ్యి పట్టుకుంది. నేనేదో అన్నానమ్మా, నోటి తీట, మనసులో పెట్టుకోకు అంది. రైలు దిగిన వాళ్ళెవరో నువ్వు దారంతా ఒడిలోంచి దించలేదని చెప్పారు, మా అమ్మ కూడా వాణ్ణి అంత భద్రంగా మొయ్యలేదు అంది.

ఒడిలోంచి దించనిది నిన్న ఒక్కరోజే. అది చెప్పడానికి అదే మంచి సమయం. వదిన కళ్ళు తుడుచుకుంటోంది. అయ్యో వదినా, అదేం లేదు అన్నాను. నిజమే చెప్పాను. వినయం అనుకుంది.

గుడిలో పూజారి మంత్రాలయ్యాక మాట్లాడాడు. వదిన ముందే ఆయన చెవిన వేసింది కాబోలు. ఈ రోజుల్లో అందరూ వేగంగా వెళ్తున్నారు, ఈ తల్లి మాత్రం భర్తని ఒక్క క్షణం విడవకుండా, ఆయన పుట్టిన సముద్రం ఆయనకి చూపిస్తూ తెచ్చింది అన్నాడు. ఊరివాళ్ళు నా వైపు తిరిగి నమస్కరించారు. నేను చాప వైపు చూశాను. ఎంత కిందికి వంగితే అంత గొప్పదాన్నయ్యాను.

పియర్ స్వీట్లు ఆయన ఫొటో ముందు పెట్టింది వదిన. వాడికి పియర్ అంటే ప్రాణం, నీకు గుర్తుండి తెచ్చావు చూడు అంది.

భోజనాల దగ్గర ఊరి ఆడవాళ్ళు కోడళ్ళకి నన్ను చూపించి చెబుతున్నారు. నేర్చుకోండే అని. ఒక కోడలు నన్ను ద్వేషంగా చూసింది. ఆ గదిలో నాకు నచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

తకానొరి వాళ్ళు సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. నన్ను రెండు రోజులు ఉండమని వదిన. ఉంటానన్నాను.


నవంబర్ 15, పొద్దున్న

వదిన ఎండు చేపలు తెమ్మంది. మర్చిపోకుండా నాకు నేనే రాసి పెట్టుకుంటున్నాను. రేవు దగ్గర, వలలు ఆరేసిన గోడ పక్క షాపు. ఆవిడకి బి.పి., ఉప్పు తక్కువ పట్టించినవి అడుగు. అక్కడ కార్డు తీసుకోరు, చిల్లర పట్టుకెళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు వీధి గుమ్మంలోంచి కాదు, వంటింటి వైపు నుంచి వెళ్ళు, ఈ వేళకి ఆవిడ ఒక్కతే ఉంటుంది. చేపలు చేతికివ్వక ముందే చెప్పు. ఇచ్చాక అయితే టీ పెడుతుంది, టీ తాగితే నువ్వు చెప్పవు. రాక్ దగ్గర మొదలుపెట్టు, ఫర్వాలేదు అన్నదీ వదలకు, ఇసుకా వదలకు. మధ్యలో తిడితే ఆగి, తిట్టడం అయ్యాక మిగతాది చెప్పు. షాపువాడు తలలు కోసి ఇస్తానంటాడు, వద్దను. ఆవిడకి తలలే ఇష్టం.